గాలను ధర – మైలు ధర

కాకినాడలో ఉన్న తండ్రికీ, న్యూజెర్సీలో స్థిరపడిన కుమారునికీ ఆదివారంనాడు జరిగే ఫోను సంభాషణలో యోగక్షేమాలు, వాన సంగతులు అయిన పిమ్మట తప్పక వచ్చే ప్రశ్న ఒకటి ఉంటుంది: “మీ వైపు పెట్రోలు ఎంతుందిరా?” “గ్యాసు మూడున్నర దాటింది నాన్నా” అని కుమారుడంటే, పక్కనుంచి వింటున్న తల్లి సిలిండరు మూడున్నరేనా అని ఆశ్చర్యపోతుంది. అమెరికాలో పెట్రోలును గ్యాసొలిన్ అనీ, దానిని కుదించి గ్యాస్ అనీ అంటారని ఆమెకు వివరించిన తరువాత లెక్క మొదలవుతుంది. ఇక్కడ అమ్మేది గాలను. అక్కడ అమ్మేది లీటరు. అమెరికా గాలను 3.785 లీటర్లు. డాలరును రూపాయలలోకి మార్చి, గాలనును లీటర్లలోకి మార్చి చూస్తే చివరికి తేలేది, పెట్రోలు అమెరికాలోకంటె ఆంధ్రదేశంలోనే ప్రియమని.

ఈ సంభాషణ ఎన్నో ఇళ్లలో జరుగుతుంది, అక్కడితో ఆగిపోతుంది. నిజానికి ఆగవలసిన చోటు అది కాదు. బంకు ముందు పెద్ద అంకెలతో వెలిగేది గాలను ధర. కుటుంబం చేతినుంచి జారే డబ్బు మాత్రం మైలు ధరను బట్టి ఉంటుంది. మొదటిది చోదకుని అదుపులో లేదు. రెండవది చాలవరకు అతని అదుపులోనే ఉన్నది. ధరలూ పన్నులూ మారినప్పుడల్లా జనం చేసే పనులలో కొన్ని నిజంగా డబ్బు మిగుల్చుతాయి, కొన్ని మిగిల్చినట్లు అనిపిస్తాయి, మరికొన్ని ఉన్నది ఊడ్చిపెడతాయి. ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చుకోవడానికి హైస్కూలు లెక్కలూ, కొద్దిపాటి భౌతిక శాస్త్రమూ చాలు.

పలక మీది అంకెలో ఏమున్నది?

ముడిచమురును పీపాల లెక్కన కొలుస్తారు. పీపాకు 42 గాలనులు. అందుచేత పీపా ధర ఒక డాలరు పెరిగితే గాలనుకు సుమారు 2.4 సెంట్లు, పది డాలర్లు పెరిగితే 24 సెంట్లు పెరుగుతుందని అంచనా వేయవచ్చు. ఈ చిన్న సూత్రం గుర్తున్నవారు వార్తలలో ముడిచమురు ధర వినగానే రాబోయే రోజులలో పలక ఎటు కదులుతుందో ఊహించగలరు. దిగేటప్పుడు మాత్రం కొంత ఓపిక పట్టవలసి ఉంటుంది. ధర ఎక్కేటప్పుడు తారాజువ్వలా ఎక్కి, దిగేటప్పుడు ఈకలా దిగుతుందని అర్థశాస్త్రవేత్తలు ఈ ధోరణికి ఒక పేరే పెట్టారు. 1997లో బోరెన్‌స్టైన్, కామెరన్, గిల్బర్ట్ అనే ముగ్గురు పండితులు అమెరికా ధరలను పరిశీలించి, చోదకుల ఈ ఫిర్యాదులో నిజం ఉన్నదని చూపారు.

ముడిచమురు వెల సాధారణంగా గాలను ధరలో సగం, లేదా అంతకు కొంచెం ఎక్కువ. మిగిలిన భాగాన్ని శుద్ధి కర్మాగారం, రవాణా, బంకు, ప్రభుత్వం పంచుకొంటాయి. ఏటా వసంతంలో ధర పెరగడానికి వేసవి సెలవుల గిరాకీ ఒక్కటే కారణం కాదు. రసాయన శాస్త్రం కూడా ఉన్నది. శీతకాలపు పెట్రోలులో బ్యూటేన్ అనే చవక పదార్థాన్ని ఎక్కువగా కలుపుతారు. అది సులభంగా ఆవిరి అవుతుంది గనుక చలిలో ఇంజను తేలికగా అంటుకొంటుంది. అదే పెట్రోలును వేసవిలో అమ్మితే ఆవిరి గాలిలో కలిసి, ఎండ తగిలి, ఓజోనుతో కూడిన పొగమంచుగా మారుతుంది. అందువల్ల చట్టం ప్రకారం వేసవిలో బ్యూటేన్ తగ్గించిన మిశ్రమం అమ్మవలసి ఉంటుంది. ఆ మిశ్రమం ఖరీదు ఎక్కువ.

ఇక బంకు యజమాని సంగతి. ధర పెరిగినప్పుడు తిట్లు తినేవాడు అతడే, కాని పెరిగిన ధరలో అతని వంతు తరచు తగ్గుతుంది. క్రెడిట్ కార్డు సంస్థలు వసూలు చేసే రుసుము అమ్మకంపై శాతం లెక్కన ఉంటుంది. రెండున్నర శాతం అనుకొంటే, గాలను రెండు డాలర్లున్నప్పుడు రుసుము ఐదు సెంట్లు. ఐదు డాలర్లయినప్పుడు పన్నెండున్నర సెంట్లు. అతనికి గాలనుకు మిగిలేదే కొన్ని సెంట్లు. పెట్రోలులో పోయినది లోపలి దుకాణంలో కాఫీలోనూ, చిరుతిండిలోనూ రాబట్టుకోవాలి. కొన్ని బంకులలో నగదుకు ఒక ధర, కార్డుకు మరొక ధర కనిపించడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

1973 నాటి వరుసలు

అమెరికా చోదకునికి మొదటిసారి గట్టి దెబ్బ తగిలినది 1973 అక్టోబరులో. అరబ్బు దేశాలు చమురు ఎగుమతిపై నిషేధం విధించగా, పీపా మూడు డాలర్ల దాపున ఉన్న ముడిచమురు 1974 ఆరంభానికి పన్నెండు డాలర్ల దాపుకు చేరింది. బంకులవద్ద గాలను సగటు ధర 1973లో 39 సెంట్లు, 1974లో 53 సెంట్లు. నేటివారికి ఈ అంకెలు నవ్వు తెప్పించవచ్చు. కాని ఆనాటి కష్టం ధర కాదు, పెట్రోలు దొరకకపోవడం. వాహనం నంబరులో చివరి అంకె సరిసంఖ్య అయినవారు సరి తేదీలలోనూ, బేసి అయినవారు బేసి తేదీలలోనూ పోయించుకోవాలని అనేక రాష్ట్రాలు నియమం పెట్టాయి. సొంత లారీ నడుపుకొనేవారు 1973 డిసెంబరులో రహదారులకు అడ్డంగా బండ్లు నిలిపి నిరసన తెలిపారు. ఒకరికొకరు కబురందించుకోవడానికి వారు వాడిన సాధనం లారీలలోని సీబీ రేడియో.

ప్రభుత్వం 1974 జనవరిలో దేశమంతటికీ గంటకు 55 మైళ్ల వేగ పరిమితి విధించింది. అది చోదకులకు ఎన్నడూ రుచించలేదు. 1995లో పూర్తిగా రద్దయింది. అంతకంటె ఎక్కువ ఫలితమిచ్చినది 1975 నాటి చట్టం. 1985 నమూనా కార్లు సగటున గాలనుకు 27.5 మైళ్లు ఇవ్వాలని ఆ చట్టం కార్ల కంపెనీలను నిర్బంధించింది. 1979లో ఇరాను విప్లవం తరువాత మళ్లీ వరుసలు వచ్చినప్పుడు, పెద్ద బండ్లు మానుకొని చిన్న జపాను కార్లవైపు తిరిగినవారు లక్షల మంది.

1986లో ధర కూలిపోయింది. 1999 ఆరంభంలో గాలను డాలరుకు లోపే. జ్ఞాపకం కూడా దానితోనే కూలింది. దేశం మళ్లీ భారీ వాహనాలెక్కింది. 2008 జూలైలో సగటు ధర 4 డాలర్ల 11 సెంట్లను తాకినప్పుడు ఆ బండ్లను అమ్మబోతే కొనేవారు లేరు. ఆ సంవత్సరాంతానికే ధర రెండు డాలర్లకు దిగువకు పడిపోయింది. కారు పది పదిహేనేళ్లు ఉండే వస్తువు. పెట్రోలు ధర పది వారాలలో తారుమారయ్యేది. ఒకదానిని చూసి మరొకదానిని కొనడంలోనే మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా నష్టపోయాయి. ధర శిఖరాన ఉన్నప్పుడు పెద్ద బండిని అయినకాడికి అమ్మి, చిన్న బండిని అడిగినంత ఇచ్చి కొన్నవారికి ఆ తేడా పూడడానికి ఏళ్లు పట్టింది.

పన్ను సెంట్లలోనా, శాతంలోనా?

పెట్రోలుపై పన్ను వేసిన మొదటి అమెరికా రాష్ట్రం ఆరెగాన్. 1919లో గాలనుకు ఒక సెంటు. పదేళ్లలో అన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. కేంద్ర ప్రభుత్వం 1932లో తానూ ఒక సెంటు వేసింది. 1956లో అంతర్‌రాష్ట్ర రహదారుల నిర్మాణానికి పూనుకొన్నప్పుడు దానిని మూడు సెంట్లు చేసి, ఆ రాబడిని రహదారుల నిధికి కేటాయించింది. 1993లో అది 18.4 సెంట్లయింది. ముప్పై ఏళ్లు గడిచి 2024 వచ్చినా అదే 18.4. నడుమ వస్తువుల ధరలు రెట్టింపుకు మించి పెరిగాయి. కనుక ఆ పన్నుకు 1993లో ఉన్న కొనుగోలు శక్తిలో సగం కూడా మిగలలేదు. బండ్లు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోవడం వల్ల మరికొంత రాబడి తగ్గింది. 2008 నుంచి కేంద్రం సాధారణ ఖజానానుంచి 250 బిలియన్ డాలర్లకు మించి తెచ్చి ఈ నిధిలో పోయవలసి వచ్చింది. పన్ను పెంచలేదని సంతోషించే చోదకుడు గుంతలలో దెబ్బతిన్న చక్రానికి డబ్బు కడుతున్నాడంటే అతిశయోక్తి కాదు.

ఈ పన్నుకు మరొక లక్షణం ఉన్నది. అది సెంట్లలో స్థిరంగా ఉంటుంది. ధర ఎంతైనా మారదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే నెల ఒప్పందం ధర సున్నాకంటె దిగువకు, పీపాకు మైనస్ 37 డాలర్ల 63 సెంట్లకు పడిపోయింది. సరుకు తీసుకుపోయేవారికి ఎదురు కట్నమిచ్చే స్థితి అన్నమాట. ఆ వసంతంలో బంకులలో గాలను రెండు డాలర్లకు దిగువకు వచ్చింది. పడిన ధర చోదకునికి కనిపించింది.

ఆంధ్రదేశంలో కథ వేరు. అక్కడ కేంద్ర సుంకం లీటరుకు ఇన్ని రూపాయలని ఉంటుంది. దానిపైన రాష్ట్రం అమ్మకపు పన్నును శాతం లెక్కన వేస్తుంది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం, దానికి అదనంగా లీటరుకు 4 రూపాయలు, రహదారుల అభివృద్ధి పేరిట మరొక రూపాయి ఉండేవి. ఆ 31 శాతం కేంద్ర సుంకాన్ని కూడా కలిపిన మొత్తంపై పడుతుంది. అంటే పన్ను మీద పన్ను. ముడిచమురు పెరిగితే రాష్ట్రం వాటా తనంతట తానే పెరుగుతుంది. తగ్గినప్పుడు కేంద్రం రంగంలోకి దిగుతుంది. ప్రపంచమంతటా చమురు కూలిన 2020 మే నెలలో కేంద్రం పెట్రోలుపై లీటరుకు 10 రూపాయలు, డీసెలుపై 13 రూపాయలు సుంకం పెంచింది. కాకినాడ తండ్రికి ఆ పతనం వార్తాపత్రికలో కనిపించిందే కాని బంకులో కనిపించలేదు. మరుసటి ఏడు చమురు తేరుకోగా లీటరు 100 రూపాయలు దాటింది. 2021 నవంబరులోనూ, 2022 మేలోనూ కేంద్రం కొంత తగ్గించింది. 2017 జూన్ 16 నుంచి పెట్రోలు ధర రోజూ ఉదయం ఆరు గంటలకు మారాలన్నది నియమం. ఆ నియమం ఎన్నికల రోజులలో తరచు నిద్రపోవడం చోదకులెరిగిన విషయమే.

పన్ను పెరిగినప్పుడు జనం ఎక్కువగా స్పందిస్తారా, బజారు ధర పెరిగినప్పుడు ఎక్కువగా స్పందిస్తారా అన్నది పరిశోధకులకు ఆసక్తి కలిగించిన ప్రశ్న. 2014లో లీ, లిన్, మ్యూలెగర్ అనే ముగ్గురు ప్రచురించిన అమెరికా పరిశోధనలో అంతే మొత్తానికి పన్ను పెరిగినప్పుడే వాడకం ఎక్కువగా తగ్గినట్లు తేలింది. బజారు ధర నేడు పెరిగితే రేపు తగ్గవచ్చునన్న ఆశ ఉంటుంది; పన్ను విషయంలో ఆ ఆశ ఉండదు.

సరిహద్దు దాటి పోయించుకొనేవారు

పన్నులు వేరైన చోట సరిహద్దు దాటడం సహజం. న్యూజెర్సీలో 1988 నుంచి 2016 వరకు రాష్ట్ర పన్ను 14.5 సెంట్లే, దేశంలో అతి తక్కువ పన్నులలో అది ఒకటి. పొరుగు రాష్ట్రాలవారు అక్కడ ట్యాంకు నింపుకొని పోయేవారు. 2016 నవంబరు 1న అది ఒక్కసారిగా 23 సెంట్లు పెరగడంతో ఆ ఆకర్షణ చాలవరకు పోయింది. జార్జియా 2022 మార్చిలో తన పన్నును, గాలనుకు 29.1 సెంట్లను, తాత్కాలికంగా ఎత్తివేసి 2023 జనవరి 10 వరకు కొనసాగించినప్పుడు సరిహద్దు జిల్లాలలో అదే దృశ్యం మరొక దిక్కున కనిపించింది.

గోదావరి తీరాన యానాం కథ కూడా ఇదే. ఆంధ్రప్రదేశ్ నడుమ ఉన్నా అది పుదుచ్చేరిలో భాగం. పన్ను తక్కువ, పెట్రోలు చవక. అటుగా పోయే లారీ అక్కడ ఆగకుండా పోదు. మరి కాకినాడనుంచి పనిగట్టుకొని పోవచ్చునా? దూరం సుమారు 30 కిలోమీటర్లు, రానుపోను 60. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటరుకు లీటరుంబావుకు పైగా కావాలి. లీటరు 110 రూపాయలనుకొంటే దారి ఖర్చే దాదాపు 147 రూపాయలు. ట్యాంకులో ఐదు లీటర్లు పట్టి, లీటరుకు 10 రూపాయలు తగ్గినా మిగిలేది 50. వంద రూపాయలు నష్టపోయి, యాభై మిగిలాయన్న సంతోషంతో ఇంటికి చేరడం!

అమెరికా లెక్క ఇంతకంటె సున్నితం. గాలను మూడున్నర డాలర్లు, బండి గాలనుకు 25 మైళ్లు అనుకొంటే మైలు ధర 14 సెంట్లు. గాలనుకు పది సెంట్లు చవక అయిన బంకులో 12 గాలనులు పోయిస్తే మిగిలేది డాలరు ఇరవై సెంట్లు. ఆ బంకు దారిలోనే ఉంటే అది నిజమైన లాభం. అదనంగా రానుపోను పది మైళ్లు తిరగవలసి వస్తే అందుకయ్యేది డాలరు నలభై. సూత్రం ఇది: మిగిలే మొత్తాన్ని మైలు ధరతో భాగిస్తే ఎన్ని మైళ్లు చుట్టు తిరిగినా నష్టం లేదో తెలుస్తుంది. ఇక్కడ అది ఎనిమిదిన్నర మైళ్లు. టోకు దుకాణాల బంకులవద్ద ఇంజను ఆపకుండా ఇరవై నిమిషాలు వరుసలో నిలబడేవారు మరొకటి కూడా కలుపుకోవాలి. ఊరక నిలబడ్డ ఇంజను గంటకు పావు గాలను నుంచి అరగాలను వరకు తాగుతుంది. ఇరవై నిమిషాలకు ముప్పై నుంచి అరవై సెంట్లు.

తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ పెట్రోలు వస్తుందన్న నమ్మకం రెండు దేశాలలోనూ ఉన్నది. చల్లని ద్రవం కుంచించుకొంటుందన్న మాట శాస్త్రసమ్మతమే. పెట్రోలు సెల్సియస్ డిగ్రీకి సుమారు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. అయితే బంకు ట్యాంకు భూమిలోపల ఉంటుంది. పైన పగలూ రాత్రీ మారినా లోపలి ఉష్ణోగ్రత దాదాపు కదలదు. ఒక డిగ్రీ తేడా ఉన్నా పదిహేను గాలనులకు కలిసివచ్చేది ఐదు సెంట్ల పెట్రోలు. దానికోసం నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు. అధిక ఆక్టేను పెట్రోలు సంగతీ అంతే: ఆక్టేను అంకె ఇంజనులో పెట్రోలు ముందుగానే మండి టకటకమనకుండా నిలువరించే గుణానికి కొలత, శక్తికి కొలత కాదు. బండితో వచ్చిన పుస్తకం తప్పనిసరి అంటే తప్ప దానిని కొనడం దండగ.

గాలి, చక్రం, చలి

మైలు ధరను నిజంగా తగ్గించేవి మూడు నాలుగే. మొదటిది వేగం. రహదారిపై పోయే కారు ప్రధానంగా గాలితో పోరాడుతుంది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 65 మైళ్లనుంచి 75 మైళ్లకు వేగం పెంచితే, పెరిగిన వేగం పదిహేను శాతమే. పెరిగిన గాలి నిరోధం 33 శాతం. 55 నుంచి 70కి పోతే 62 శాతం. మొత్తం ఇంధన వ్యయం అంతే నిష్పత్తిలో పెరగదు, ఎందుకంటే చక్రాల రాపిడి, ఇంజను లోపలి నష్టాలు కూడా ఉంటాయి. అయినా సుమారు 50 మైళ్లు దాటిన తరువాత ప్రతి మెట్టూ ఖరీదైనదే. రుచించని 55 మైళ్ల చట్టం వెనుక ఉన్నది ఈ భౌతిక శాస్త్రమే.

ఇదే కారణంగా బండి పైకప్పుమీద కట్టే పెద్ద సామాను పెట్టె చాలా ఖరీదైన అతిథి. అంతర్‌రాష్ట్ర రహదారి వేగంలో అది మైలేజీని 10 నుంచి 25 శాతం వరకు తినివేయగలదు. ప్రయాణం ముగిసి నెలలు గడిచినా ఖాళీ పెట్టెను దించకుండా తిరిగే బండ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి.

చక్రంలో గాలి తగ్గితే రబ్బరు ఎక్కువగా అణగి, సాగి, ఆ శ్రమ వేడిగా పోతుంది. నాలుగు చక్రాలలో ఒక్కొక్క పౌను ఒత్తిడి తగ్గితే నష్టం 0.2 శాతమే. కాని శీతకాలంలో ఉష్ణోగ్రత పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోయినప్పుడల్లా సుమారు ఒక పౌను తగ్గుతుంది. అక్టోబరులో సరిచూసి జనవరిలో మరచిపోయినవారి చక్రాలు నాలుగైదు పౌనులు తక్కువగా ఉండడం మామూలే. దీనికి చలి చేసే ఇతర నష్టాలు తోడవుతాయి: చిక్కబడిన ఇంజను నూనె, సాంద్రమైన గాలి, వేడెక్కకముందే ముగిసే చిన్న ప్రయాణాలు. 77 డిగ్రీల ఫారెన్‌హీట్‌తో పోలిస్తే 20 డిగ్రీల చలిలో నగర ప్రయాణంలో మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది. మూడు నాలుగు మైళ్ల ప్రయాణాలకు నష్టం ఇంకా ఎక్కువ. బడికి ఒకసారి, కూరగాయలకు ఒకసారి, పిల్లల నాట్యం తరగతికి ఒకసారి చల్లబడిన బండిని లేవదీసే బదులు, ఆ మూడింటినీ ఒకే చుట్టులో కలిపితే ఇంజను ఒక్కసారే వేడెక్కుతుంది. ధర పెరిగినా తగ్గినా పనికివచ్చే ఉపాయం ఇది. అయ్యే ఖర్చల్లా కాస్త ముందాలోచన.

రెండు బండ్ల లెక్క

ఒక కుటుంబంలో గాలనుకు 15 మైళ్లిచ్చే పాత వ్యాను, 30 మైళ్లిచ్చే చిన్న కారు ఉన్నాయనుకొందాం. రెండూ ఏటా 12,000 మైళ్లు తిరుగుతాయి. వ్యానుకు 800 గాలనులు, కారుకు 400; మొత్తం 1,200. 2021 జూన్‌లో మూడు డాలర్ల చేరువన ఉన్న సగటు ధర 2022 జూన్‌లో ఐదు డాలర్లను దాటింది. ఆ ధర ఏడాదంతా నిలిచి ఉంటే ఈ కుటుంబానికి 2,400 డాలర్ల అదనపు భారం. ఇండియాలోని పెద్దవారిని చూడడానికి పెట్టుకొన్న డబ్బులో పెద్ద ముక్క.

ఇప్పుడు ఒక బండిని మార్చే స్తోమత ఉన్నది. వ్యానును మార్చి 20 మైళ్లిచ్చేది కొనడమా? కారును మార్చి 40 మైళ్లిచ్చేది కొనడమా? అడిగిన పదిమందిలో ఎక్కువమంది రెండవదే అంటారు. ఐదు మైళ్లకంటె పది మైళ్లు ఎక్కువ గదా! లెక్క చూస్తే వ్యానులో 800 గాలనులు 600 అవుతాయి, మిగిలేది 200. కారులో 400 కాస్తా 300 అవుతుంది, మిగిలేది 100. మైలేజీ అంకెను చూసి మోసపోయే ఈ భ్రమను డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ అనే ఇద్దరు 2008లో ‘సైన్స్’ పత్రికలో వివరించారు. గాలనుకు ఎన్ని మైళ్లు అన్నది తలక్రిందుల కొలమానం. వంద మైళ్లకు ఎన్ని గాలనులు అన్నది సరైనది. 2013 నమూనాలనుంచి అమెరికాలో కొత్త కార్లపై అంటించే చీటీలో ఈ రెండవ అంకె కూడా చిన్న అక్షరాలలో ముద్రిస్తున్నారు. అమ్మకందారు దానిని సాధారణంగా చూపించడు.

పన్నుల తేడాలు చూసి బండి కొనేవారికి ఇండియాలోని డీసెలు కార్ల అనుభవం పాఠం వంటిది. ప్రభుత్వం డీసెలు ధరను అదుపులో ఉంచి, 2010 జూన్‌లో పెట్రోలును మాత్రం వదిలివేయడంతో రెండింటి మధ్య అంతరం పెరిగింది. 2012-13 నాటికి అమ్ముడైన ప్రయాణికుల వాహనాలలో సగానికి మించి డీసెలువే. అటువంటి కారుకు ఒక లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి, ఏటా పదివేల కిలోమీటర్లు నడిపే గృహస్థును తీసుకొందాం. పెట్రోలు 75, డీసెలు 47, మైలేజీ లీటరుకు 15, 20 కిలోమీటర్లు అనుకొంటే ఏటా మిగిలేది 26,500. నాలుగేళ్లలో లక్ష తీరుతుంది. కాని 2014 అక్టోబరులో డీసెలును కూడా బజారుకు వదిలారు. పెట్రోలు 65, డీసెలు 55 అయితే మిగిలేది 15,800 మాత్రమే. నాలుగేళ్లు ఆరున్నరేళ్లవుతాయి.

మార్చుకోలేనివారు

పై ఉపాయాలన్నీ కొంత వెసులుబాటు ఉన్నవారివి. అద్దెలు తక్కువని నగరానికి దూరంగా కాపురముండి, పాత బండిలో ఏభై మైళ్లు పోయి పనిచేసేవారికి వేగం తగ్గించే తీరిక గాని, బండి మార్చే సొమ్ము గాని ఉండవు. ఆదాయంలో పెట్రోలు వంతు ఎక్కువగా ఉండేది వారికే. లారీ కంపెనీలు ఇంధన అదనపు రుసుమును సరుకు యజమానిపై వేయగలవు. సొంత కారును కంపెనీ పనికి వాడే ఉద్యోగికి అమెరికా పన్నుల శాఖ మైలు రేటు కొంత ఆదుకొంటుంది. 2022లో ధరలు పెరిగినందువల్ల జూలై 1 నుంచి ఆ రేటును 58.5 సెంట్లనుంచి 62.5 సెంట్లకు మధ్యలోనే పెంచారు. హైదరాబాదు, విజయవాడ ఆటో చోదకునికి అటువంటి ఏర్పాటు లేదు. మీటరు రేటు ప్రభుత్వం నిర్ణయించినప్పుడే మారుతుంది. ఇంధనం ధర అంతవరకు ఆగదు. అందుకే వారిలో చాలామంది సీఎన్‌జీ వైపు మరలారు. బంకు వద్ద వరుసలో గడిచిన గంట వారికి పోయిన కిరాయి. యానాం లెక్కవలెనే, ఆ గంటను కూడా కిలోమీటరు ధరలో కలుపుకొనేవాడే నికరంగా ఎంత మిగిలిందో చెప్పగలడు.

పెట్రోలు లేని బండికి పన్ను

విద్యుత్తు బండి కొన్నవారు ఈ లెక్కలనుంచి బయటపడ్డామనుకొంటారు. కొత్త బండిపై కేంద్రం ఇచ్చిన 7,500 డాలర్ల వరకు పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. రహదారుల నిధికి మాత్రం వారినుంచి కూడా డబ్బు కావాలి. న్యూజెర్సీ 2024 జూలై 1 నుంచి విద్యుత్తు బండ్లపై ఏటా 250 డాలర్ల రుసుము విధించింది. అది ఏడాదికి పది డాలర్ల చొప్పున పెరుగుతుంది. కొత్త బండికి నాలుగేళ్లది, అంటే 1,060 డాలర్లు, ముందే కట్టాలి. ఇది అన్యాయమా? 30 మైళ్లిచ్చే పెట్రోలు కారు 12,000 మైళ్లకు 400 గాలనులు తాగుతుంది. 2024లో ఆ రాష్ట్రపు పన్ను 42.3 సెంట్లు, అంటే 169 డాలర్లు. కేంద్రపు 18.4 సెంట్లు కలిపితే మరో 74, మొత్తం 243. ఇంచుమించు సమానమే.

అయితే ఆ సమానత్వం 12,000 మైళ్లు తిరిగేవారికే. మనవలను చూసుకొంటూ ఏడాదికి 5,000 మైళ్లు మాత్రమే తిరిగే తాతగారి విద్యుత్తు బండికి ఈ రుసుము మైలుకు ఐదు సెంట్లు. 20,000 మైళ్లు తిరిగేవానికి ఒకటింబావు సెంటు. ఈ వంకర సరిచేయడానికి ఉన్న మార్గం మైలు లెక్కన పన్ను వేయడమే. దానికి తొలి అడుగు వేసిన రాష్ట్రాలలో 1919లో మొదటి పెట్రోలు పన్ను వేసిన ఆరెగానే ముందున్నది. 2015 జూలైలో ఆ రాష్ట్రం స్వచ్ఛందంగా చేరినవారికి మైలుకు ఒకటిన్నర సెంటు వంతున వసూలు చేయడం ప్రారంభించింది. వారు కట్టిన పెట్రోలు పన్నును అందులో మినహాయించింది. తాము ఎక్కడెక్కడ తిరిగేదీ ప్రభుత్వానికి తెలుస్తుందేమోనని జనం శంకించారు. అందుచేత స్థలం నమోదు చేయకుండా మైళ్లు మాత్రమే లెక్కించే పరికరాన్ని ఎన్నుకొనే వీలు కూడా కల్పించారు.